'సమర్పించడమైనది' అన్న మాట దాటి

(వేంపల్లె విశ్రాంత ఉద్యోగుల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం పెద్దది. విరమణ తర్వాత జీవితంలో వచ్చిన మార్పులు, రచనా వ్యాసంగం, ప్రయాణాల మీద మనకున్న కోరికలు. మూడు విషయాలు, సమయం మాత్రం అరగంట. ఆఫీసులో ఇట్లాంటి తపాలు వస్తే మూడుగా చీల్చి మూడు సీట్లకు పంపి, నకలు దగ్గర పెట్టుకొని చేతులు దులుపుకునేవాణ్ణి. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. అందుకని మూడింటినీ ఒకే ఫైలు కింద కట్టి మీ ముందు పెడుతున్నాను. కరువు భత్యం గురించి, పి.ఆర్.సి. గురించి నా ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. ఆ జోలికి నేను పోను.

మార్పులంటే మన తరం చూసినన్ని మరొక తరం చూసి ఉండదని నా అభిప్రాయం. విరమణ వయసునే తీసుకోండి. 1983 ఫిబ్రవరిలో 58 ఏళ్ళను 55కు తగ్గించారు. ఆ నెలాఖరు సాయంత్రం మా ఆఫీసులో ఎవరికి దండ వేయాలో, ఎవరికి శాలువా కప్పాలో తెలియలేదు. పొద్దున సీట్లో కూర్చుని సంతకం పెట్టిన మనిషి సాయంత్రానికి మాజీ అయిపోయాడు. ఆడపిల్ల పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్నవారున్నారు, ఇంటికి పునాది తీసినవారున్నారు. తర్వాత కొంతకాలానికి మళ్ళీ 58 చేశారు. 2014లో 60 అయింది, 2022లో 62 అయింది. నేను 58కి దిగినవాణ్ణి. నా తర్వాత సర్వీసులో చేరినవాళ్ళు నాకంటే నాలుగేళ్ళు ఎక్కువ సంతకాలు పెట్టారన్న మాట. ఈర్ష్య ఏమీ లేదు, లెక్క చెబుతున్నాను.

1984లో కరణం, మునసబు పదవులు రద్దయినాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తాలూకా ఆఫీసు రికార్డు గదిలో తరాల కాగితం ఉండేది. దాన్ని మండలాల వారీగా పంచి గోనెసంచుల్లో కట్టి ఎద్దులబండ్ల మీద, లారీల మీద తోలిన పనిలో నేనూ ఉన్నాను. ఆ దుమ్ముకు పది రోజులు దగ్గు పోలేదు. కట్టలు విప్పుతుంటే కరణాల చేతిరాతలు కనిపించేవి. ఆ గొలుసుకట్టు రాతను చదవగలిగిన ముసలాయన ఒక్కడే ఉండేవాడు మా ఆఫీసులో. ఆయన చదివి చెబుతుంటే మేము నోరు తెరుచుకొని వినేవాళ్ళం. ఫలానా చెరువు ఫలానా ఏడు తెగింది, ఫలానా పొలంలో బావి తవ్వితే ఇన్ని మట్లకు నీళ్ళు పడినాయి. అవి లెక్కలే గాని, వింటుంటే కథ మాదిరే ఉండేవి. ఈ మాటను కొంచెం జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక విరమణ తర్వాత సంగతి. మొదటి నెల అందరికీ బాగుంటుంది. రెండో నెల నుంచి ఇంట్లోవాళ్ళకు మనం అడ్డం. పేపరు మూడుసార్లు చదువుతాము. పాలవాడి లెక్కలో తప్పు పడతాము. కూరగాయల చీటీ మీద కూడా తేదీ వేసి సంతకం పెట్టబోతాము. మీరు నవ్వుతున్నారంటే మీ ఇళ్ళల్లోనూ జరిగిందనే కదా! పొద్దుపోక నేను కాగితం, కలం తీసుకున్నాను. ముప్పై అయిదేళ్ళు రాసిన చెయ్యి, రాయడానికేమి కష్టం అనుకున్నాను. కష్టం అక్కడే మొదలయింది.

మన ఆఫీసు తెలుగు గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య గారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. నేను చేరిన కొత్తలో ఇంగ్లీషు ముసాయిదాలే నడిచేవి. మెల్లమెల్లగా తెలుగు వచ్చింది. రావడం మంచిదే, అర్జీ పెట్టుకున్న రైతుకు తన అర్జీ ఏమయిందో తన భాషలో తెలిసింది. కాని మనము రాసిన తెలుగు ఎట్లాంటిది? 'తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది.' 'విచారించగా తెలియవచ్చినదేమనగా.' 'ఇందుమూలముగా తెలియజేయడమైనది.' ఇందులో మనిషి ఉన్నాడా చూడండి. సమర్పించింది ఎవరు? ఎవరూ కాదు. విచారించింది ఎవరు? తెలియదు. పని జరిగింది, చేసినవాడు లేడు. ఆఫీసుకు అది అవసరమే. రేపు ఆడిట్ వాళ్ళు వస్తే 'నేను' అన్న అక్షరం మన మెడకు చుట్టుకుంటుంది. అందుకని 'నేను' అనే మాటను సర్వీసు పొడుగునా జాగ్రత్తగా తప్పించుకొని తిరిగాము. ఇది ఒక్క నా సంగతి కాదు, మన జాతి లక్షణం.

విరమణ తర్వాత మా అమ్మను గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. మూడు పేజీలు వచ్చాయి. మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆమె పెద్ద చదువు చదువుకున్నది కాదు, అయిదో తరగతి. అంతా విని, "ఏందయ్యా ఇది, వారసత్వ సర్టిఫికెట్టుకు పెట్టిన అర్జీ మాదిరుందే. మీ అమ్మ ఎట్లా నవ్వేదో యాడుంది ఇందులో?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఆ రెండేళ్ళలో నాకు దొరికిన పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. మీలో చాలామందికి పేరు తెలుసు. తెలియనివారి కోసం చెబుతాను. వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అంటే దుబాసి. కోర్టులో ఒకరి మాటను మరొకరి భాషలోకి మార్చి చెప్పడం ఆయన ఉద్యోగం. మన భాషలో చెప్పాలంటే ఆయనా ప్రభుత్వ ఉద్యోగే. ఆయన సెలవు పెట్టి 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మళ్ళీ మద్రాసు చేరారు. పదిహేను నెలల పైచిలుకు. కూడా వంద మంది దాకా పరివారం. రైలు లేదు, మోటారు లేదు. సవారీల మీద, కాలినడకన, గంగ మీద కొంత దూరం పడవల్లో. తిరుపతి చూసుకొని మన కడప మీదుగా అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసి సముద్రతీరం వెంబడి తిరిగి వచ్చారు.

దారి పొడుగునా చూసినదంతా రాసి తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి పంపేవారు. వీరాస్వామయ్య గారు 1836లో పోయారు. పిళ్ళె గారు ఆ రాతలను దాచి 1838లో అచ్చు వేయించారు. తర్వాత నూరేళ్ళకు బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావు గారు దానిని పరిష్కరించి 1941లో మళ్ళీ వెలువరించారు. ఒకాయన రాశాడు, ఒకాయన దాచాడు, ఒకాయన వెతికి తీశాడు. ముగ్గురూ ఉంటేనే అది మన చేతికి వచ్చింది.

ఆ పుస్తకంలో నన్ను కట్టిపడవేసింది భక్తి కాదు, గుమాస్తా చూపు. ఏ ఊరు ఎటువంటిది, అక్కడ అంగళ్ళు ఉన్నాయా, నీళ్ళు మంచివా, దిగడానికి సత్రం ఉందా, దారి రాళ్ళదా ఇసుకదా, ఏటి లోతు ఎంత, సుంకం ఎవరు వసూలు చేస్తారు, ఇదంతా ఊరూరికీ రాశాడాయన. మనం ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాసినట్టే. తేడా ఒక్కటే. చూసింది 'నేను' అని ఒప్పుకొని రాశాడు. తనకు నచ్చింది నచ్చిందన్నాడు, వింతగా తోచింది వింతగా తోచిందన్నాడు. గ్రాంథికం పట్టింపు పెట్టుకోకుండా తనకు నోటికి వచ్చిన తెలుగులో రాశాడు. తెలుగులో తొలి యాత్రాచరిత్రల్లో ముందుగా చెప్పుకునేది ఈ పుస్తకాన్నే. దాన్ని రాసింది ఆస్థానకవి కాదు, కోర్టు ఉద్యోగి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం, ప్రమోషన్ ఆర్డరు చేతికి వచ్చిన రోజు కూడా కలగలేదు.

మన జిల్లా సంగతే చూడండి. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులున్నాయి. ఊళ్ళ చరిత్రలు. వాటికి సమాచారం ఎక్కడిది? ఊరూరి కరణాలు తమ కవిలె కట్టలు చూసి, పెద్దలను అడిగి రాయించినవే. కడప జిల్లా కైఫీయతులను కడపలోని బ్రౌను భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చు వేసింది. ఇందాక నేను చెప్పిన గోనెసంచుల్లోని కరణాల రాతకు అవి పెద్దన్నలు. ఆ సంచులు చాలావరకు చెదలపాలయ్యాయి, కైఫీయతులు మాత్రం పుస్తకాలయ్యాయి.

బ్రౌను దొరగారి సంగతి మీకు కొత్త కాదు. ఆయనా సర్కారు నౌకరే. 1820లో కలెక్టరు కింద అసిస్టెంటుగా కడపకు వచ్చాడు. ఇక్కడ తెలుగు నేర్చుకున్నాడు, సొంత బంగళాలో పండితులను పెట్టుకొని తాటాకు గ్రంథాలు పరిష్కరింపజేశాడు. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఇదంతా అందరూ చెప్పేదే. అందరూ చెప్పనిది ఒకటుంది. ఉద్యోగం వదిలి లండన్ పోయినాక, 1865లో, లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా చేరాడు. పుట్టింది 1798. అంటే అప్పటికి ఆయనకు 67 ఏళ్ళు. ఈ సభలో అరవై ఏడు దాటినవాళ్ళు చేతులెత్తండి అంటే హాలంతా చేతులే కనిపిస్తాయి.

ఇంకొకాయన ఉన్నాడు, పేరు మన ఊళ్ళో ఎవరికీ తెలియదు. విలియం కింగ్ అని, భూగర్భ సర్వే శాఖ ఉద్యోగి. మన కొండలూ ఏర్లూ తిరిగి 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద నివేదిక రాశాడు. మన ఏటి పేరు, మన ఊరి పేరు ఆ రాళ్ళ వరుసలకు పెట్టుకున్నాడు. నేటికీ భూగర్భ శాస్త్రం చదివే పిల్లలు పాపాఘ్ని శిలలు, వేంపల్లె సున్నపురాయి అని చదువుతారు. తుమ్మలపల్లెలో యురేనియం దొరికింది ఆ వేంపల్లె రాతిలోనే. వంద కోట్ల ఏళ్ళు దాటిన రాయి అది. దాని మీద కూర్చుని మనం పొద్దు పోవడం లేదంటున్నాము!

అంతెందుకు, మన ఊరి పిల్లలు రాయలేదా? 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం మొదలు పెడితే, తెలుగుకు ఆ తొలి ఏడే వేంపల్లె గంగాధర్ 'మొలకల పున్నమి' కథలకు వచ్చింది. మరుసటి ఏడు వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు వచ్చింది. వరుసగా రెండేళ్ళు, రెండూ కథల పుస్తకాలే, ఇద్దరి పేర్ల ముందూ మన ఊరే. ఇద్దరూ మన కళ్ళముందు తిరిగిన పిల్లలు. వాళ్ళు వాళ్ళ వయసుకు తెలిసిన వేంపల్లెను రాశారు. వాళ్ళు పుట్టకముందరి వేంపల్లె మన దగ్గర ఉంది. కరువు పనుల మస్టర్ రోల్స్ రాసినవాళ్ళున్నారు ఇక్కడ. బావుల్లో మొట్టమొదట కరెంటు మోటారు బిగించిన లైన్‌మన్ ఉన్నాడు. పల్లెకు నడిచిపోయి మశూచి టీకాలు వేసిన హెల్త్ అసిస్టెంటున్నాడు. కానుపు చేయడానికి అర్ధరాత్రి ఎద్దులబండి ఎక్కిపోయిన మా నర్సమ్మగారున్నారు, అదిగో, రెండో వరుసలో. వీళ్ళు చెప్పకపోతే అవి చెప్పేవాళ్ళు ఎవరు?

ఇక ప్రయాణాలు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎల్.టి.సి. ఉండేది, సెలవు దొరికేది కాదు. సెలవు దొరికితే పిల్లల పరీక్షలు వచ్చేవి. 'రిటైరయినాక పోదాం' అనేది మనందరి మంత్రం. రిటైరయినాక మోకాళ్ళు వచ్చాయి. రైల్లో మగవాళ్ళకు అరవై దాటితే నూటికి నలభై, ఆడవాళ్ళకు యాభై ఎనిమిది దాటితే యాభై రాయితీ ఉండేది. కరోనా వచ్చిన 2020 మార్చిలో దాన్ని ఆపేశారు. రాయితీ డబ్బు చిన్నదే అంటారు కొందరు. పింఛను మీద బతికేవాడికి, ఇంట్లో ఇద్దరికి కలిపి చూసుకుంటే, 'పోదామా వద్దా' అనే తక్కెడలో అది చిన్న రాయి కాదు. ఈ విషయం మన సంఘం తీర్మానాల్లో ప్రతి ఏడూ ఉంటున్నది, ఉండాలి కూడా.

మేము ఆ రాయితీ ఉన్న రోజుల్లోనే, 2013లో, కాశీ పోయి వచ్చాము. కడపలో రైలెక్కి మద్రాసు, అక్కడ గంగా కావేరి ఎక్స్‌ప్రెస్. రెండు రాత్రులు రైల్లో. నేను వీరాస్వామయ్య గారి పుస్తకం సంచిలో పెట్టుకొనిపోయాను. ఆ రైలు నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా పోతుంది. ఆయన నడిచిన దారిలోని ఊళ్ళే. ఆయనకు నెలలు పట్టింది, మాకు రాత్రీ పగలూ. నాగపూరులో బండి ఆగితే మా ఇంటావిడ, "మీ వీరాస్వామయ్య ఈడికి వచ్చేసరికి ఎన్ని నెలలయింది? కాళ్ళు నొయ్యలేదా ఆయనకు?" అని అడిగింది. పక్క బెర్తు మీద ఉన్నాయన ఎవరో మా బంధువును గురించి మాట్లాడుకుంటున్నామనుకొని, "ఇప్పుడెట్లా ఉన్నాడమ్మా?" అని పరామర్శించాడు.

నేను ఒక నోటుబుక్కు తీసుకుపోయాను. ఎడమ పేజీలో ఖర్చులు, తేదీలు, రైలు ఎంత ఆలస్యం, సత్రంలో గది అద్దె. ఆ అలవాటు పోదు కదా. కుడి పేజీ ఖాళీగా ఉంటే ఆమె చూసి, "ఈ పక్క నేను చెప్పేది రాయి" అన్నది. సరేనన్నాను. అట్లా ఆ పదకొండు రోజులూ ఎడమ పేజీ నాది, కుడి పేజీ ఆమెది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను, ఒక్క అక్షరం దిద్దలేదు.

గంగ ఒడ్డున ఆమె చెప్పిన మాట ఒకటి వినిపిస్తాను. "పాపాలు పోగొట్టే ఏరు అని పేరు పెట్టుకున్నదాన్ని ఇంటి ముందర పెట్టుకొని, ఇంత దూరం వచ్చినాము. దాంట్లో నీళ్ళుంటే వచ్చేవాళ్ళమా?" మన పాపాఘ్ని మీద నేను విన్న మాటల్లో ఇంతకంటే పదునైనది లేదు. మరొక చోట ఇట్లా ఉంది. "ఈడ శవాలు కాలుతాంటే పక్కన టీ తాగుతాండారు. మన ఊర్లో అయితే తిట్టరా. కానీ ఈడ ఎవురికీ తొందర లేదు." ఇంకొకటి, "గంగలో మునిగినాక చలికి మా ఆయన పళ్ళు కొట్టుకున్న చప్పుడు గుళ్ళో గంట మాదిరి వినపడింది." దీన్ని కూడా రాయించింది, నా చేత!

కాశీలో ఇష్టమైనది వదలాలంటారు కదా. మా బృందంలోని పెద్దమనుషులు చాలామంది కాకరకాయ వదిలారు, గోరుచిక్కుడు వదిలారు. ఆమె సీతాఫలం వదిలింది. మన పాలకొండల సీతాఫలాలు ఎట్లాంటివో నేను చెప్పనక్కరలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ గంపలు వీధిలోకి వచ్చినప్పుడల్లా ఆమె లేచిపోయి తలుపు వేసుకునేది. 2019లో ఆమె పోయింది. అప్పటిదాకా మళ్ళీ ఆ పండు ముట్టలేదు.

ఇప్పుడు బెంగుళూరు నుంచి మనుమరాలు వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు తీస్తుంది. ఎడమ పేజీ వంక చూడనైనా చూడదు. కుడి పేజీలే చదువుతుంది, అవ్వ గొంతు వినిపిస్తున్నదంటుంది. నాకు మాత్రం రెండూ కావాలి. గది అద్దె ఎంతో, ఆ రోజు ఏం తిన్నామో తెలిస్తేనే ఆ మాట ఏ పూట అన్నదో నాకు జ్ఞాపకం వస్తుంది. వీరాస్వామయ్య గారి పుస్తకంలో ఈ రెండు పేజీలూ ఒక్కటయ్యాయని ఇప్పుడు అర్థమవుతున్నది.

ఇంతవరకు చెప్పింది ముచ్చట. ఇక అసలు సంగతికి వస్తాను. కమిటీలో కొందరికి ఇది రుచించకపోవచ్చు.

పోయిన ఏడు మన సభ్యుడు ఒకాయన కాలం చేశారు. పేరు చెప్పను, మీకందరికీ తెలుసు. చిన్న నీటి వనరుల పని మీద ఈ చుట్టుపక్కల చెరువులూ కుంటలూ కాలువలూ అడుగడుగూ కొలిచిన మనిషి. ఏ చెరువుకు ఏ వంక నీళ్ళు రావాలి, ఎవరు ఎక్కడ గట్టు తెంపారు, ఏ తూము ఎప్పుడు పూడింది, అంతా ఆయన దగ్గర రాసి ఉండేది. పదకొండు నోటుబుక్కులు. నేను కళ్ళారా చూశాను. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అవి పాత పేపర్లతోపాటు తూకానికి పోయాయి. పిల్లలను ఏమీ అనను. వాళ్ళు ఉండేది ఎక్కడో, ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది మూడు రోజుల సెలవు మీద. అవి ఏమిటో వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

మన ఆఫీసు పరిభాషలో ఆర్.డిస్. అంటే దాచవలసిన కాగితం, డి.డిస్. అంటే గడువు తీరాక నాశనం చేయవలసిన కాగితం. పరాయివాళ్ళ అర్జీలకు ఏ డిస్పోజల్ వేయాలో ముప్పై అయిదేళ్ళు నిర్ణయించినవాళ్ళం. మన సొంత కాగితాల మీద ఏదీ వేయకుండా పోతున్నాము. ఏదీ వేయని కాగితానికి తక్కెడే దిక్కు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మన సంఘం గదిలో పాత ఇనుప బీరువా ఒకటి ఉంది. దాంట్లో ప్రస్తుతం పోయిన ఏళ్ళ క్యాలెండర్లు, విరిగిన మైకు, రెండు ఖాళీ శాలువా పెట్టెలు ఉన్నాయి. దాన్ని ఖాళీ చేసి సభ్యుల నోటుబుక్కులకు కేటాయించాలి. డైరీ కావచ్చు, పద్యాలు కావచ్చు, పనిచేసిన ఊళ్ళ సంగతులు కావచ్చు, యాత్ర కావచ్చు. ఇచ్చినవారి పేరు, తేదీ రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరు నేను రాస్తాను, ఆ పని నాకు బాగా వచ్చు. ప్రతి ప్రత్యేక సంచికలో నాలుగు పేజీలు ఈ రాతలకు ఇవ్వాలి. జి.వో.ల నకళ్ళు తగ్గించండి, అవి ఇప్పుడు అందరి ఫోన్లకూ వస్తున్నాయి.

"మాకు రాయడం రాదు" అంటారు. రానవసరం లేదు. ఎడమ పేజీ మీకు వచ్చు. తేదీ, ఊరు, పని, ఖర్చు. కుడి పేజీకి ఇంట్లోవాళ్ళను అడగండి. చెయ్యి వణికేవాళ్ళు చెప్పండి, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలు ఎవరైనా సెలవు దినం వచ్చి రాసిపెడతారేమో నేను అడుగుతాను. ఫోనులో గొంతు పట్టి ఉంచినా సరే. ఒక్క షరతు. 'సమర్పించడమైనది' అన్న మాట మాత్రం బీరువాలోకి రాకూడదు.

ప్రయాణం మాటంటారా. కాశీ దాకా పోలేనివాళ్ళు చాలామంది ఉన్నారు. బదరీనాథ్ అంటే ఇప్పుడు నాకూ డాక్టరు ఒప్పుకోడు. అయితే మన ఏరు ఉంది. కన్నడ దేశంలోని నంది కొండల్లో పుట్టి, వెలిగల్లు దాటి, గండి దగ్గర కొండను చీల్చుకొని, మన ఊరి పక్కగా పోయి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. పెన్న పుట్టిందీ ఆ నంది కొండల్లోనే, చిత్రావతి పుట్టిందీ అక్కడే. ఒక్కచోట పుట్టిన ముగ్గురు అక్కచెల్లెళ్ళు మూడు దారుల్లో వచ్చి మన జిల్లాలో కలుసుకుంటారు. దీన్ని మొదటి నుంచి చివర దాకా చూసినవాళ్ళు ఈ సభలో ఎంతమంది? నేను చూడలేదు. 2021 నవంబరులో ఇదే ఏరు పొంగి కమలాపురం దగ్గర వంతెన కూల్చింది. ఇసుక తప్ప ఏమీ ఎరగని పిల్లలు ఆ నీళ్ళను చూడడానికి పరుగెత్తారు. మా ఇంటావిడ చూడలేకపోయింది. ఆ నాలుగు రోజులూ నేను గట్టు మీద నిలబడి నీళ్ళు ఎంత మట్టం వచ్చాయో, ఏమి కొట్టుకువచ్చాయో రాసుకున్నాను. మీలో ఇంకా ఎవరైనా రాసుకుంటే తీసుకురండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటి విడతగా గండికి పోదామని నలుగురం అనుకున్నాము. శ్రావణ శనివారాల రద్దీ లేని రోజు చూసుకొని వచ్చే నెల రెండో శనివారం పెట్టుకున్నాము. ఆర్.టి.సి.లో అరవై దాటినవారికి పాతిక శాతం రాయితీ ఉంది, ఆధార్ కార్డు మరచిపోకండి. అక్కడ స్వామి దర్శనం అయ్యాక ఏటి ఒడ్డున కూర్చుని తలా ఒక పేజీ రాయాలి. పులిహోర మా కోడలు చేసి పంపుతానన్నది. రెండో విడత కమలాపురం సంగమం, మూడో విడత వెలిగల్లు. నంది కొండల సంగతి పింఛను బకాయిలు పడినాక చూద్దాం.

ఉదయం ఏడు గంటలకల్లా బస్టాండులో ఉండాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ముందు సీట్లు పడతాము. నోటుబుక్కులు నేను తెస్తాను, కళ్ళద్దాలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవలసింది.